పిల్లాడికి ఫాక్స్ హాక్ కటింగ్: సెలూన్‌లో ఏం చెప్పాలి, ఇంట్లో ఎలా లేపాలి

వేసవి సెలవులకి ఒంగోలు నుంచి నెల్లూరొచ్చిన మా మేనల్లుడు బ్యాగు కింద పెట్టకముందే ఫోన్‌లో ఒక ఫొటో చూపించి, "మామా, నాకు ఈ కటింగ్ కావాల" అన్నాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. వాడి పుట్టువెంట్రుకలు తీసిన రోజు ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర పెట్టింది నేనే. ఆ చనువుతోనే సరేనని తీసుకెళ్లాను. సెలూన్‌లో "ఫాక్స్ హాక్" అని ఒక్క మాట చెప్పి, పేపరు తెరిచి కూర్చున్నాను. తలెత్తి చూసేసరికి రెండు చెవుల పైనా జీరో మిషన్ తిరిగిపోయింది. చిన్నప్పుడెప్పుడో మంచం మీంచి పడ్డ మచ్చ కూడా బయటపడింది. వాడు ఏడవలేదు. అద్దంలో చూసుకుని, "ఇది కాదు మామా" అని మెల్లగా అన్నాడంతే. పది రోజుల్లో బడి తెరిచారు. మొదటి రోజే డైరీలో మా అక్కకి కబురొచ్చింది.

ఆ తర్వాత ఆరేడు సార్లు దగ్గరుండి వాడికి ఇదే కటింగ్ చేయించాను. రెండుసార్లు ఇంట్లో నేనే చేశాను. ఇప్పుడు నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. అందరూ పైన జుట్టు ఎలా నిలబడుతుందా అని చూస్తారు గానీ, ఈ కటింగ్ బాగుండటం, చెడిపోవడం రెండూ పక్కల ఎంత ఉంచారన్న దాని మీదే ఉంటాయి. పక్కలు సరిగ్గా ఉంటే ఆదివారం లేపిన జుట్టు సోమవారం పొద్దున మామూలుగా దువ్వుకుని బడికి పోవచ్చు. పిల్లాడికి చేయించే ఫాక్స్ హాక్ అలాగే ఉండాలని నా పట్టుదల.

ముందు ఇది ఏమిటో తెలుసుకోండి

ఇంగ్లీషులో రాసినప్పుడు ఎక్స్ అక్షరం కనిపిస్తుంది కాబట్టి మనం ఫాక్స్ అంటున్నాం. అది ఫ్రెంచి మాట, అసలు పలికేది "ఫో" అని, అర్థం ఉత్తుత్తి అని. అంటే ఇది ఉత్తుత్తి మోహాక్ అన్నమాట. మోహాక్ అంటే పక్కలు పూర్తిగా గొరిగేసి నడినెత్తిన ఒక్క పట్టీ మాత్రం ఉంచే కటింగ్. ఉత్తర అమెరికా మూలవాసుల్లో ఒక జాతి పేరే దానికి పెట్టారు. ఫాక్స్ హాక్‌లో పక్కలు గొరగరు, పొట్టి చేస్తారు. మధ్యలో జుట్టు కాస్త పొడుగ్గా ఉంచి, రెండు వైపుల నుంచీ నడిమికి తోసి లేపుతారు. 2002లో కొరియా, జపాన్‌లలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో డేవిడ్ బెక్హామ్ ఈ కటింగ్‌తోనే ఆడాడు. అప్పటి కుర్రాళ్లు చాలామంది ఆ ఫొటో పట్టుకునే సెలూన్‌కి వెళ్లారు.

మన సెలూన్లలో ఫాక్స్ హాక్ అనే అంటారు, మీరూ అలాగే అనండి. కాకపోతే ఆ పేరు వినగానే ఒకరికి స్పైక్స్ గుర్తొస్తాయి, ఇంకొకరికి జీరో మిషన్ గుర్తొస్తుంది. పేరొక్కటే చెప్పి వదిలేస్తే ఏమవుతుందో పైన చెప్పాను.

పిల్లాడి తల చూడండి

సెలూన్‌కి వెళ్లడానికి ముందు రోజు తల తడిపి, దువ్వి, వెలుతురులో నిలబెట్టి చూడండి. రెండు విషయాలు తేలాలి.

ఒకటి పొడుగు. నడినెత్తిన జుట్టు కనీసం 4 సెంటీమీటర్లు ఉండాలి. 5 ఉంటే హాయిగా నిలబడుతుంది. 7 దాటితే బరువుకి వాలిపోతుంది. స్కేలు అక్కర్లేదు, పెద్దవాళ్ల మూడు వేళ్లు పక్కపక్కన పెడితే సుమారు 5 సెంటీమీటర్లు. మన ఇళ్లలో సెలవుల్లో తిరుమలలోనో, పెంచలకోనలోనో, మాలకొండలోనో గుండు చేయించడం మామూలే కదా, గుండు తర్వాత ఎన్నాళ్లు ఆగాలని అడుగుతుంటారు. జుట్టు నెలకి ఇంచుమించు 1 సెంటీమీటరు పెరుగుతుంది. ఏప్రిల్ చివర్లో గుండు చేయిస్తే దసరా నాటికి సరిపడా వస్తుంది. ఈలోగా తలంతా ఒకేలా పెరిగి బొచ్చులా అవుతుంది కాబట్టి, రెండో నెల చివర ఒకసారి, నాలుగో నెల చివర ఒకసారి పక్కలూ వెనకా మాత్రం తీయించండి. పైన కత్తెర పెట్టొద్దని గట్టిగా చెప్పండి. ఇలా చేస్తే దసరాకి సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

రెండోది సుడి. ఇది చాలామంది చూడరు. నడినెత్తి వెనక జుట్టు గుండ్రంగా తిరిగే చోట వెంట్రుకలు వాటంతట అవే ఒక వైపుకి లేస్తాయి. అక్కడ 2 సెంటీమీటర్లకి కత్తిరించారంటే ఎంత జెల్ రాసినా పొడుచుకునే ఉంటాయి. మధ్యలో లేపే గట్టుని సుడి దాకా తెచ్చి, అక్కడి నుంచి మెల్లగా పొట్టి చేసుకుంటూ కిందికి దించాలి. లేదంటే సుడి దగ్గర కూడా మూడు వేళ్ల పొడుగు అలాగే వదలాలి, అప్పుడు బరువుకి అణిగి ఉంటుంది. మావాడికి రెండు సుడులు. రెండు పెళ్లిళ్లవుతాయిరా నీకు అని వాళ్ల నాయనమ్మ ఎప్పుడూ ఆటపట్టిస్తుంటుంది. పెళ్లిళ్ల సంగతి అటుంచితే, రెండు సుడులున్న తలకి వెనక ఎత్తు ఉంచకుండా ముందు సగంలోనే లేపడం మంచిది. నుదుటి దగ్గర సుడి ఉంటే మాత్రం అదృష్టమే, ముందు జుట్టు దానంతటదే లేస్తుంది.

మూడు నాలుగేళ్ల పిల్లలకి ఈ కటింగ్ వద్దంటాను. ఆ వయసులో జుట్టు మెత్తగా పట్టుదారంలా ఉంటుంది, నిలబడదు. నిలబెట్టాలని మనం ఏదేదో రాస్తాం. ఉంగరాల జుట్టు ఉన్నవాళ్లకి నిటారుగా లేవదు గాని, పక్కలు పొట్టిగా ఉంచి పైన ఉంగరాలు అలాగే వదిలితే అదొక అందం. ముఖం కోలగా ఉన్న పిల్లాడికి ఎత్తు తగ్గించండి. బూరెబుగ్గల వాడికి ఇంకాస్త ఎత్తున్నా బాగుంటుంది.

సెలూన్‌లో

మన వైపు చాలా సెలూన్లకి మంగళవారం సెలవు. ఆదివారం పొద్దున జాతరలా ఉంటుంది, పది మంది వెయిట్ చేస్తుంటే ఎంత మంచి పనివాడైనా తొందరపడతాడు. బుధవారమో, గురువారమో సాయంత్రం బడి నుంచి రాగానే తీసుకెళ్లండి. బడి తెరిచే ముందు రోజు మాత్రం అస్సలు వద్దు. ఏదైనా తేడా వస్తే సర్దుకోవడానికి కనీసం రెండు వారాలుండాలి.

తలకి నూనె లేకుండా తీసుకెళ్లండి. నూనె జుట్టు అతుక్కుపోయి పొడుగు సరిగ్గా తెలియదు, మిషన్ కూడా సాఫీగా నడవదు. ఫోన్‌లో మూడు ఫొటోలు పెట్టుకోండి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. పెద్ద హీరో ఫొటో కాకుండా మీ పిల్లాడి వయసు వాడి ఫొటో అయితే మేలు.

కుర్చీలో కూర్చోబెట్టాక, చిన్నవాడైతే కుర్చీ చేతుల మీద చెక్క పలక వేసి కూర్చోబెడతారు, అప్పుడే మాట్లాడాలి. మిషన్ ఆన్ చేశాక చెబితే వినిపించదు. నేను చెప్పే మాటలివి:

"అన్నా, పక్కలు నాలుగో నంబరుతో మొదలుపెట్టండి, చెవి దగ్గర, మెడ దగ్గర మూడు చాలు. జీరో వద్దు. బ్లేడుతో గీతలు వద్దు. పైన మధ్యలో మూడు వేళ్లు ఉంచండి, ముందు కొంచెం ఎక్కువున్నా పర్లేదు. పక్కకీ పైకీ మధ్య మెట్టు కనపడకూడదు, కత్తెర, దువ్వెనతో కలపండి. సుడి ఇక్కడుంది, చూసుకోండి."

ఈ నంబర్లంటే మిషన్‌కి తగిలించే ప్లాస్టిక్ దువ్వెనల మీద ఉండే అంకెలు. ఒకటంటే 3 మిల్లీమీటర్లు, రెండంటే 6, మూడంటే సుమారు 10, నాలుగంటే సుమారు 13. జీరో అంటే ఏ దువ్వెనా లేకుండా తిప్పడం. నాలుగుతో మొదలుపెట్టమని ఎందుకంటున్నానంటే, ఎక్కువగా ఉంటే ఇంకో నిమిషంలో తగ్గించుకోవచ్చు, తగ్గించేశాక మాత్రం నెల ఆగాలి. పన్నెండు పదమూడేళ్ల కుర్రాడు ఇంకా పొట్టిగా కావాలంటే చెవి దగ్గర రెండు దాకా వెళ్లొచ్చు. అంతకన్నా తగ్గితే నల్లటి జుట్టు మధ్య చర్మం తెల్లగా కనపడి, సోమవారం పొద్దున ఎంత దువ్వినా దాగదు.

మధ్య పట్టీ వెడల్పు కూడా వేలితో చూపించండి. ఎడమ కనుబొమ్మ నడుమ నుంచి కుడి కనుబొమ్మ నడుమ దాకా, సుమారు నాలుగు వేళ్లు. వెనక్కి పోయే కొద్దీ సన్నబడాలి. అయిపోయాక పక్క నుంచి చూస్తే ఒంగోలు గిత్త మూపురంలా నున్నగా ఎక్కి నున్నగా దిగాలి, మెట్లు మెట్లుగా ఉండకూడదు.

శుభ్రత దగ్గర మొహమాటం వద్దు. దువ్వెనల వల్ల, సరిగ్గా తుడవని మిషన్ల వల్ల కూడా పిల్లల తలకి తామర అంటుకోవచ్చు. దువ్వెన కడిగిందేనా అని అడగండి, మిషన్‌ని స్పిరిట్‌తో తుడవమనండి, మెడ దగ్గర బ్లేడు వాడితే మీ కళ్ల ముందే కొత్తది వేయమనండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. మేం ఇప్పుడు వెళ్లే వేదాయపాళెం వైపు చిన్న షాపులో నేను అడగకముందే ఆయన బ్లేడు కాగితం విప్పి చూపిస్తాడు. ఏసీ ఉన్న షాపు కన్నా నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

ఇంకొక్క మాట. కటింగ్ జరుగుతున్నంతసేపూ ఫోన్ జేబులో పెట్టి పిల్లాడి పక్కనే నిలబడండి. మిషన్ చప్పుడుకి భయపడి తల తిప్పుతారు. "కదలకు" అని గద్దించే కన్నా వాడి చేయి పట్టుకుంటే బాగా కుదురుగా ఉంటారు.

ఇంట్లోనే చేయాలంటే

గడ్డం ట్రిమ్మర్‌తో పని కాదు, ఒత్తు జుట్టులో ఇరుక్కుని లాగుతుంది, పిల్లాడు కేక పెడతాడు. తల కటింగ్ మిషనే కావాలి, దాంతో పాటు 13 మిల్లీమీటర్ల దాకా దువ్వెనలు, ఒక పదునైన కత్తెర, సన్న పళ్ల దువ్వెన, రెండు క్లిప్పులు, నీళ్ల స్ప్రే. కాగితాలు కోసే కత్తెర వాడకండి, చివర్లు నలిగిపోతాయి.

పైజుట్టు తడిపి, నుదుటి రెండు మూలల నుంచి సుడి దాకా గుర్రపు లాడం ఆకారంలో పాపిడి తీయండి. లోపలి జుట్టంతా క్లిప్పులతో పైకి కట్టేయండి. ఇక పక్కలు. మిషన్ పొడి జుట్టు మీద బాగా నడుస్తుంది కాబట్టి పక్కలు ఆరనివ్వండి. నాలుగో నంబరు దువ్వెన తగిలించి కింది నుంచి పైకి, జుట్టు పెరిగే దిక్కుకి ఎదురుగా తోయండి. తల గుండ్రం తిరిగే చోటికి రాగానే మిషన్‌ని తలకి అంటించి పైకి పోనివ్వకుండా బయటికి, గాల్లోకి తీసేయాలి. ఈ ఒక్క కదలికే కష్టం. అలా తీయకపోతే మధ్య పట్టీలోకి దూసుకెళ్తుంది. తర్వాత మూడో నంబరుతో చెవి పైన రెండు వేళ్ల ఎత్తు వరకే. చెవిని వేలితో మడిచి పట్టుకోండి.

ఇప్పుడు క్లిప్పులు తీసి మళ్లీ తడపండి. నుదుటి దగ్గర నుంచి ఒక్కో పాయ నిటారుగా పైకి దువ్వి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని కత్తిరించండి. మధ్యలో మూడు వేళ్లు, రెండు పక్కలకీ వచ్చేసరికి రెండు వేళ్లు, పూరింటి కప్పులా రెండు వైపులకీ వాలాలి. అలా వెనక్కి సుడి దాకా వెళ్లండి. చివరగా కత్తెరని నిలువుగా పట్టుకుని చివర్లలో అక్కడక్కడ అర సెంటీమీటరు మేర చిన్న చిన్న కోతలు పెట్టండి. గడ్డిపరకల్లా చివర్లు విడివిడిగా ఉంటేనే లేపినప్పుడు సహజంగా ఉంటుంది, లేకపోతే బ్రష్‌లా కనిపిస్తుంది.

మెట్టు పడిన చోట దువ్వెనతో జుట్టు ఎత్తి, దువ్వెన మీదుగా కత్తిరిస్తూ కలపండి. నేను రెండోసారి చేసినప్పుడు గంటన్నర పట్టింది. మధ్యలో పిల్లాడికి మజ్జిగ ఇచ్చి కాసేపు తిరగనివ్వాల్సి వచ్చింది.

లేపడం

అసలు సరదా ఇక్కడే. కటింగ్ బాగా కుదిరితే ఇది ఐదు నిమిషాల పని.

తలంటు పోసుకున్న జుట్టు కావాలి. నూనె ఉన్న తలకి జెల్ పట్టదు, ఎందుకంటే జెల్ నీళ్లతో చేసేది. మన ఇళ్లలో కొబ్బరి నూనె మానరు, మానక్కర్లేదు కూడా. ముందు రాత్రి రాసి, పొద్దున కడిగేయండి. కుంకుడుకాయతో కడిగితే జుట్టు కాస్త గరుగ్గా ఉండి ఇంకా బాగా పట్టు దొరుకుతుంది. ఉప్పునీళ్ల బోరు ఉన్న వీధిలో నురగ రాదు, చివరి చెంబు మంచినీళ్లు పోయండి. కండిషనర్ మాత్రం ఆ రోజు వద్దు, జారిపోతుంది.

తువ్వాలుతో అద్ది, నీళ్లు కారకుండా చెమ్మ మాత్రం మిగిలేలా చూడండి. జెల్ అయితే శనగగింజంత, వాక్స్ అయితే కందిబద్దంత అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్దండి. ముందు నుదుటి దగ్గర రాయకండి, అక్కడ ముద్ద కట్టేస్తుంది. వెనక నుంచి ముందుకి, వేళ్లు జుట్టు మొదళ్లలోకి పోనిచ్చి రాయండి. ఇక రెండు అరచేతులూ తలకి చెరో పక్కన పెట్టి, దణ్ణం పెట్టినట్టు పైకి, నడిమికి తోయండి. సుడి దగ్గర మొదలుపెట్టి నుదుటి దాకా నాలుగైదు సార్లు ఇలా చేస్తే మధ్యలో గట్టు లేస్తుంది. చివర్లని వేళ్లతో చిటికెలు పట్టినట్టు అక్కడక్కడ నులమండి. ముందు కుచ్చుని కొద్దిగా పైకి లేపి వదిలేయండి. దువ్వెన పెట్టకండి, పళ్ల గీతలు పడి తడి జుట్టులా కనిపిస్తుంది. ఫ్యాను కింద ఐదు నిమిషాలు ముట్టుకోకుండా కూర్చుంటే చాలు. డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడి మీద, జానెడు దూరం నుంచి, పక్కల నుంచి నడిమికి గాలి కొట్టండి. పల్చటి జుట్టుకి ఇది బాగా పనికొస్తుంది.

జెల్లా వాక్సా అంటే, మన ఎండలని బట్టి చెప్పాలి. సెట్ వెట్ లాంటి జెల్ ఆరాక గట్టిపడుతుంది, మెరుస్తుంది, ఫంక్షన్‌కి బాగుంటుంది. కానీ నీళ్లలో కరిగేది కాబట్టి చెమటకి మెత్తబడి నుదుటి మీదికి కారుతుంది, కళ్లు మండుతాయి. ఆరాక చేయి పెడితే తెల్లగా పొడి రాలుతుంది, చూసినవాళ్లు చుండ్రనుకుంటారు. మే నెల నెల్లూరులో మధ్యాహ్నం బయటికి వెళ్లే పిల్లాడికి జెల్ రాయకండి. గాట్స్‌బీ లాంటి వాక్స్ చెమటకి అంత తొందరగా కరగదు, మెరుపు తక్కువ, చేత్తో మళ్లీ సర్దుకోవచ్చు. కాకపోతే వదలడానికి రెండుసార్లు షాంపూ కావాలి. ఏది కొన్నా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడితే పక్కన పెట్టేయండి. మైపాడు బీచ్‌కి వెళ్లే రోజు ఏదీ వద్దు, ఒక్క అల చాలు.

స్ప్రే గురించి గట్టిగా చెబుతున్నాను. హెయిర్ స్ప్రేలలో చాలావరకు ఆల్కహాల్ ఉంటుంది, మంటకి అంటుకుంటుంది. దీపావళి రోజు పిల్లాడి తలకి స్ప్రే కొట్టకండి. దేవుడి దీపం ముందు, పొయ్యి దగ్గర కొట్టకండి. పిల్లల జుట్టుకి అసలు దాని అవసరమే లేదు.

సంక్రాంతికి వచ్చే చిన్న చిక్కు కూడా చెబుతాను. భోగి పొద్దున తలంటు అవగానే పిల్లలు జుట్టు లేపమని తయారవుతారు. ఇంట్లో చిన్నవాడికి సాయంత్రం భోగిపళ్లు పోసేది ఉంటే అప్పటిదాకా ఆగండి. జెల్ తడి మీద పూరేకులు, బియ్యం అతుక్కుంటే తీయడం కష్టం, పిల్లాడు విసుగుతో పేరంటం మధ్యలో లేచిపోతాడు. పుట్టినరోజు అక్షింతలకీ ఇదే లెక్క. ముందు పెద్దవాళ్ల చేత దీవెనలు, తర్వాత స్టైల్.

సోమవారం పొద్దున

ఆదివారం రాత్రి పడుకునే ముందే తల కడగండి. జెల్‌తో నిద్రపోతే దిండుకి రాసుకుని వెంట్రుకలు తెగుతాయి, మొదళ్లు దురద పెడతాయి. పొద్దున కొంచెం నీళ్లు, రెండు చుక్కల నూనె, ఎడమ పాపిడి తీసి పక్కకి దువ్వితే మామూలు బడి పిల్లాడే. పాపిడి తీశాక పైజుట్టు పక్కల మీద పడి కలిసిపోతే కటింగ్ సరిగ్గా కుదిరినట్టు. పైజుట్టు గొడుగులా విడిగా నిలబడిందంటే పక్కలు మరీ పొట్టి అయ్యాయన్నమాట, ఈసారి ఒక నంబరు పెంచమనండి. కొన్ని బళ్లు ఇది కూడా ఒప్పుకోవు. క్లాస్ టీచర్‌ని ముందే అడగడంలో నామోషీ లేదు, పిల్లాడు అందరి ముందూ నిలబడి మాట పడకుండా ఉంటే చాలు.

మూడు నాలుగు వారాలకి పక్కలు పెరిగి గట్టు కనపడకుండా పోతుంది. అప్పుడు పక్కలు, మెడ మాత్రం తీయించండి. పైన కత్తెర ఒకసారి వదిలి ఒకసారి పెడితే సరిపోతుంది. బాగా కుదిరిన రోజు మూడు వైపుల నుంచీ మీ పిల్లాడి ఫొటోలే తీసి పెట్టుకోండి, తర్వాతిసారి సెలూన్‌లో అవే చూపించండి. మావాడి ఫొటోలు ఇప్పుడు మా అక్క ఫోన్‌లో ఉన్నాయి. ఈ నెల ఒంగోలులో తనే తీసుకెళ్లింది. కుర్చీ ఎక్కగానే వాడే చెప్పాడట, "నాలుగో నంబర్ పెట్టన్నా, జీరో వద్దు" అని.